రాత్రి రెండు నలభైకి వచ్చిన మెసేజ్

అల్లూరు

చిట్టితల్లీ,

మొన్న నువ్వు మెసేజ్ పెట్టిన టైము చూశాను. రాత్రి రెండు నలభై. "ఇంకా పడుకోలేదా నాన్నా" అని అడిగావు. ఆ రోజు రొయ్యల గుంట దగ్గర కాపలా వంతు నాది, తప్పదు. నువ్వెందుకు మేలుకొని ఉన్నావో మాత్రం చెప్పలేదు.

నీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. రాత్రిపూట గుంటలో పాచి ఆక్సిజన్ తయారు చేయదు, పైగా అదే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసే మనిషి లేకపోతే, తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. ఆ భయంతో ఏళ్ల తరబడి రాత్రుళ్లు నేనొక్కడినే మేలుకున్నాను. పగలు నాలుగు గంటలు పడుకుంటే చాలనుకున్నాను. బీపీ వచ్చింది, ఊరికే కోపం వచ్చేది. నువ్వు ఇంటర్ చదివేటప్పుడు నేను బండి మీద నుంచి పడ్డాను, గుర్తుందా? కుక్క అడ్డమొచ్చిందని చెప్పాం. కుక్క రాలేదమ్మా. కావలి నుంచి వస్తూ బండి మీదే కునుకు పట్టి, కాలవలోకి పోయాను.

కట్టు కట్టిన డాక్టరు గారు ముందు నా నిద్ర గురించే అడిగారు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటలు కావాలన్నారు. మామూలుగా రాత్రి నిద్రలో బీపీ దిగుతుందట, గుండెకు అదే విశ్రాంతి. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, షుగరు అదుపు తప్పుతుంది. 17 గంటలు ఏకధాటిగా మేలుకుంటే, కొంచెం తాగి బండి నడిపినట్టేనట. ఆ మాటకే నాకు వణుకు పుట్టింది. అప్పటి నుంచే మీ మామా నేనూ వారానికొకరం వంతులు వేసుకున్నాం. కాపలా దిగి వచ్చాక కిటికీకి నల్లగుడ్డ కట్టుకుని పడుకుంటాను.

నీ ఆఫీసు కాల్ తొమ్మిదిన్నరకే అయిపోతుందని నువ్వే చెప్పావు. మిగతా టైమంతా ఫోనే కదా? ఆ వెలుతురు కళ్లలో పడుతుంటే రాత్రయిందని ఒంటికి తెలియదు. మెలటోనిన్ అని నిద్రకు సాయపడే హార్మోను ఉంది, అది ఆలస్యంగా వస్తుంది. ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టి గదిలోకి పో. సాయంత్రం ఆరు గంటల కాఫీ మానెయ్, అందులోని కెఫీన్ సగం రాత్రి పదకొండుకీ ఒంట్లోనే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకున్నావంటే ఆ రాత్రికి నిద్ర రాదు, రోజూ ఒకే టైముకి లే. పడుకున్నా నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లుతూ టెన్షన్ పడొద్దు. లేచి చిన్న లైటులో కాసేపు కూర్చుని, కళ్లు మూతలు పడ్డప్పుడు వెళ్లి పడుకో. ఇన్ని చేసినా నెలకు మించి ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించు. మాత్రలు మాత్రం సొంతంగా కొనుక్కోవద్దు తల్లీ.

వచ్చే వారం గుంట వంతు మీ మామది. రోజూ పదింటికి ఫోన్ చేస్తాను, పది నిమిషాలు మాట్లాడుకుని ఇద్దరం పడుకుందాం.

మీ నాన్న