ఇంటికి పంపాక మొదటి వారం ఎవరిది?

సంపాదకుల వారికి,

మా ఆయన 18 ఏళ్లు సైన్యంలో ఉన్నారు. మానసిక వైద్యశాల నుంచి ఇంటికొచ్చిన రోజు చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి 14 రోజుల మందుల చీటీ. రెండోది మళ్లీ డాక్టరును కలవాల్సిన తేదీ, 41 రోజుల తర్వాత! మధ్యలో మందులెవరు రాస్తారని అడిగితే ఆసుపత్రివాళ్లు మాజీ సైనికుల విభాగానికి వెళ్లమన్నారు, వాళ్లు మళ్లీ ఆసుపత్రికే పొమ్మన్నారు.

ఆ రాత్రులు ఆయన మంచమెక్కలేదు. తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని, బూట్లు విప్పకుండా కూర్చునేవారు.

డిశ్చార్జి తర్వాత మొదటి వారం, ఆపై మూడు నెలలు ఆత్మహత్య ముప్పు బాగా ఎక్కువని వైద్యులకు తెలిసిందే. డిప్రెషన్ మందులు పనిచేయడానికే వారాలు పడుతుంది. వాటిని ఉన్నట్టుండి ఆపకూడదనీ వాళ్లే చెబుతారు. అలాంటప్పుడు 41 రోజులు ఎలా ఇస్తారు? పంపేముందే తర్వాతి డాక్టరు ఎవరో ఖాయం చేసి, ఏడు రోజుల్లోపు చూడాలి. కావలసినప్పుడు ఫోన్ చేయమంటే సైనికుడు చేయడు. సాయం అడగడం ఆయనకు అలవాటు లేదు. ఫలానా రోజు, ఫలానా గంటకు రమ్మంటే మాత్రం పది నిమిషాల ముందే ఉంటారు.

తొమ్మిదో రోజున వార్డు నర్సమ్మ తనంతట తానే ఫోన్ చేసింది. నాలుగు నిమిషాలు మాట్లాడి ఉంటారేమో. ఆ రాత్రి ఆయన బూట్లు విప్పారు.

– ఒక మాజీ సైనికుడి భార్య