రెండో భాగంలో తీసేసినవి తిరిగి పెట్టండి: గేమ్ కంపెనీకి ఫిర్యాదు లేఖ

నెల్లూరు, ఒంగోలు నుంచి

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి, గేమ్ డిజైన్ బృందానికి,

విషయం: మీ గేమ్ రెండో భాగంలో మాన్యువల్ సేవ్, ఆఫ్‌లైన్ ఆట, ఒకే టీవీ మీద ఇద్దరాట తీసేయడం, డాడ్జ్ (దెబ్బ తప్పించుకునే) బటన్ మార్చడం గురించి.

అయ్యా / అమ్మా,

మేము నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మీ గేమ్ మొదటి భాగం నుంచీ ఆడుతున్నవాళ్లం. కొందరం ప్లేస్టేషన్ 5 మీద, కొందరం ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ మీద, మిగతావాళ్లం పీసీ మీద ఆడుతున్నాం. కింద రాసినవన్నీ తాజా అప్‌డేట్ వేసుకున్నాక మూడింటి మీదా సరిచూసినవే. ఇవి బగ్గులు కావు. బగ్ అయితే మీ సపోర్టు టికెట్ చాలు. వీటి మీద టికెట్ పెడితే ‘డిజైన్ ప్రకారమే ఉంది’ అని మూసేస్తున్నారు కాబట్టి, ఆ డిజైన్ మీదే ఫిర్యాదు రాయాల్సి వచ్చింది.

కథ మరీ చీకటిగా ఉందని కొందరు, హీరోను మార్చేశారని కొందరు, మన లెవెల్‌తో పాటు శత్రువుల బలమూ పెరగడం అన్యాయమని ఇంకొందరు గొడవ చేస్తున్నారు. వాటి మీద మాలోనే మాట కుదరలేదు. కథ మీది, మీ ఇష్టం. మా పేచీ మొదటి భాగంలో చక్కగా పనిచేసి, రెండో భాగంలో కారణం చెప్పకుండా మాయమైన వాటితోనే.

అన్నిటికన్నా ముందు సేవ్ సంగతి. మొదటి భాగంలో పాజ్ మెనూ తెరిచి ఎక్కడంటే అక్కడ సేవ్ చేసుకునేవాళ్లం. ఇప్పుడు ఆటోసేవ్ ఒక్కటే, అదీ చెక్‌పాయింట్ (గేమ్ తనంతట తాను సేవ్ చేసే చోటు) దగ్గరే, స్లాట్ కూడా ఒక్కటే. మూడో అధ్యాయంలో రేవు గోదాముల మిషన్ చూడండి. పడవ దిగిన చోట ఒక చెక్‌పాయింట్ ఉంది, క్రేన్ దగ్గర రెండోది. మూలమూలా వెతుక్కుంటూ ఆడేవాళ్లకు ఆ మధ్య ముప్పావుగంట పడుతుంది. ఈలోపు కరెంటు పోయిందా, ముప్పావుగంటా పోయినట్టే.

మా వైపు కరెంటు పోవడం వింతేమీ కాదు. లైన్ పనికి ఎల్‌సీ (కరెంటు ఆపే అనుమతి) తీసుకుంటే ముందు చెబుతారు, గాలివాన చెప్పి రాదు. యూపీఎస్ పెట్టుకోమని మీ సహాయ పేజీలో రాశారు కాబట్టి ఆ లెక్కే చూద్దాం. ఇళ్లల్లో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్ల లోడు మోస్తుంది. ప్లేస్టేషన్ 5 ఆట నడిచేటప్పుడు 200 వాట్ల దాకా లాగుతుంది. 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి ఇంకో 80 నుంచి 100 వేసుకోండి. లోడు వరకు సరిపోయింది. కానీ లోపల ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటి. కాగితం మీద 84 వాట్ అవర్లు. ఆ 7 ఏహెచ్ కూడా 20 గంటల పాటు నిదానంగా వాడితే వచ్చే లెక్క. ఒక్కసారిగా 300 వాట్లు లాగితే సగం వచ్చినా గొప్పే. మార్పిడి నష్టాలు పోను చేతికి మిగిలేది ఐదారు నిమిషాలు, పాత బ్యాటరీ అయితే అదీ ఉండదు. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపినా, స్విచ్ యూపీఎస్ మోడ్‌లో లేకపోతే లైను మారేలోపే పీసీ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ కూత పెట్టగానే సేవ్ కొట్టి ఆపేయడానికి ఐదు నిమిషాలు ధారాళంగా చాలు. ఆ సేవ్ అనేదే లేదు కదా.

రెస్ట్ మోడ్ వాడుకోమని ఇంకో సలహా ఇచ్చారు. ప్లేస్టేషన్ 5 రెస్ట్ మోడ్‌లో ఆట స్థితి మెమొరీలో ఉంటుంది. ప్లగ్గుకు కరెంటు ఆగిన క్షణమే అది చెరిగిపోతుంది. ఎక్స్‌బాక్స్‌లో క్విక్ రెజ్యూమ్ ఆ స్థితిని ఎస్‌ఎస్‌డీ (కరెంటు పోయినా చెరగని స్టోరేజీ) మీద రాసిపెడుతుంది కాబట్టి తీగ పీకేసినా నిలుస్తుంది. అలాగని సిరీస్ ఎస్ వాళ్లు బతికిపోయారా అంటే అదీ లేదు. తిరిగి తెరిచినప్పుడు పాత సర్వర్ కనెక్షన్ తెగి ఉంటుంది, మీ గేమ్ అది చూసి నేరుగా టైటిల్ స్క్రీన్‌కు తోసేస్తుంది. ఆ కన్సోల్ ఇచ్చిన సౌకర్యాన్ని కూడా మీరే చెడగొట్టారు.

ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసుకోనిస్తే భయం, ఉత్కంఠ పోతాయన్నది మీ వాదన. ఒప్పుకుంటాం. దానికి పాత మందే ఉంది, సస్పెండ్ సేవ్. ఆట ఆపేటప్పుడు ఒకసారి రాస్తుంది, తిరిగి తెరవగానే ఆ ఫైల్ చెరిగిపోతుంది. చచ్చిపోయి వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించడానికి పనికిరాదు, ఆపి లేవడానికి మాత్రమే పనికొస్తుంది. చేతిలో పట్టుకుని ఆడే చిన్న మెషీన్ల గేముల్లో ఇది ఎప్పటి నుంచో ఉంది.

స్లాట్ ఒక్కటే కావడం ఇంకో ప్రమాదం. ఆటోసేవ్ గుర్తు తిరుగుతున్నప్పుడే కరెంటు పోతే, సగం రాసిన ఫైల్ పాతదాని మీదే పడి ఉంటుంది. తరవాత వచ్చేది ‘సేవ్ డేటా పాడైంది’ అన్న మెసేజ్. అప్పుడు పోయేది ముప్పావుగంట కాదు, మొత్తం ఆట. పీసీ మీద సేవ్ ఫోల్డర్ చూస్తే కారణం తెలిసిపోతుంది: ఉన్న ఫైల్‌నే తెరిచి దాని మీదే రాస్తున్నారు. కొత్త పేరుతో రాయాలి, చెక్‌సమ్ (ఫైల్ చెడలేదని తేల్చే లెక్క) సరిచూడాలి, సరిపోయాకే పాతదాని స్థానంలో పెట్టాలి. వెనకటి మూడు సేవ్‌లు తిప్పుతూ ఉంచితే ఇంకా మంచిది. ఇది మీ ప్రోగ్రామర్లకు తెలియని విద్య అని మేము అనుకోవడం లేదు.

ఇక ఆన్‌లైన్ బెడద. ఒంటరిగా ఆడే కథకు సర్వర్‌తో పనేమిటో ఇప్పటికీ అర్థం కాలేదు. లాగిన్ అప్పుడు ఒకసారి చూసుకుంటే సరే అనుకోవచ్చు. నెట్ తెగిన నిమిషానికల్లా బయటికి తోసి, చివరి చెక్‌పాయింట్ నుంచి మొదలుపెట్టిస్తున్నారు. అంటే కరెంటు లేకపోవడం, నెట్ లేకపోవడం రెండూ ఆటగాడికి ఒకే శిక్ష. మా వీధుల్లో ఫైబర్ కేబుల్ కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వారాల్లో కరెంటు ముందు వస్తుంది, నెట్ తరవాత ఎప్పుడో వస్తుంది. ఇంట్లో కూర్చుని ఆడుకోవడానికి తీరిక దొరికేదీ అప్పుడే. డబ్బు పెట్టి కొన్న డిస్క్ మెషీన్‌లోనే ఉన్నా ఆట తెరుచుకోదు. 2013 మార్చిలో సిమ్‌సిటీ అనే గేమ్ ఇలాగే ఎప్పుడూ ఆన్‌లైన్ అంటూ వచ్చి, ఏడాది తిరిగేసరికి 2014 మార్చిలో ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చింది. చేతకాదన్న పని తరవాత చేతనైంది. మీరు పూర్తిగా తీసేయకపోయినా, ఒకసారి సరిచూశాక కనీసం 30 రోజులు నెట్ లేకుండా కథ ఆడనివ్వండి.

డాడ్జ్ గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ ఫిర్యాదుకు ‘అలవాటు పడితే సరిపోతుంది’ అని జవాబిస్తున్నారు. మొదటి భాగంలో పరుగు ఎడమ స్టిక్ నొక్కితే, డాడ్జ్ సర్కిల్ బటన్ నొక్కితే. రెండో భాగంలో రెండూ సర్కిల్ మీదే: తట్టి వదిలితే డాడ్జ్, పట్టుకుంటే పరుగు. బటన్ నొక్కగానే ఇది తట్టడమా, పట్టుకోవడమా అని గేమ్‌కు తెలిసే దారి లేదు. వేలు లేపేదాకా ఆగాలి. అందుకే డాడ్జ్ నొక్కినప్పుడు కాక వదిలినప్పుడు మొదలవుతోంది. తెర మీద సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) మారితే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. మామూలుగా తట్టే తట్టులో వేలు 100 మిల్లీసెకన్లు బటన్ మీద ఉన్నా ఆరు ఫ్రేములు పోయినట్టే. సిరీస్ ఎస్ మీద 30 ఫ్రేములే కాబట్టి అక్కడ గేమ్ బటన్‌ను 33 మిల్లీసెకన్లకు ఒకసారి చూస్తుంది, ఆ ఆలస్యం అదనం. ఇది అలవాటుతో పోయేది కాదు. దెబ్బ వస్తోందని కంటికి తెలిసి వేలు కదిలాక జరిగే ఆలస్యం ఇది.

నమ్మకం లేకపోతే మీ ఆఫీసులోనే చూసుకోండి. టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి. కంట్రోలర్‌ను టీవీ ముందు పట్టుకుని, వేలూ తెరా రెండూ కనబడేలా ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ తీయండి. అందులో ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. వేలు బటన్‌ను తాకిన ఫ్రేము నుంచి పాత్ర కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఇదే పని మొదటి భాగంతోనూ చేయండి. రెండింటికీ తేడా దాదాపు వేలు బటన్ మీద ఉన్నంతసేపు వస్తుంది. కావాలని అర సెకను ఆలస్యంగా వదిలి చూడండి, డాడ్జ్ బదులు పాత్ర శత్రువు కత్తి మీదికే పరుగు తీస్తుంది.

పీసీలో కీలు మార్చుకుంటే పోతుందేమోనని చూశాం, పోలేదు. సెట్టింగుల్లో ‘డాడ్జ్ / పరుగు’ అని ఒకే వరుస ఉంది, దానికి ఏ కీ ఇచ్చినా రెండూ కలిసే పోతాయి. ప్లేస్టేషన్ సొంత సెట్టింగుల్లో బటన్లు మార్చినా బటన్‌కు బటన్ తారుమారు అవుతుందే తప్ప ఒకదాన్ని రెండుగా విడదీయదు, పైగా మెనూల్లో కూడా తికమక. చేయాల్సిందల్లా ఆ వరుసను రెండు వరుసలు చేయడం. ఎడమ స్టిక్ నొక్కుడు ఇప్పుడు ‘చుట్టూ స్కాన్’కు ఇచ్చారు, దాన్ని డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్లు) కింది బటన్‌కు మార్చవచ్చు, అది ఖాళీగానే ఉంది. కొత్త హంగులు సర్దడానికి బటన్లన్నీ కదిపి, కొండ నాలుకకు మందేసి ఉన్న నాలుక ఊడగొట్టారు.

ఒకే టీవీ మీద ఇద్దరాట తీసేయడం ఇళ్లల్లో ఎక్కువ కోపం తెప్పించింది. మొదటి భాగం అమ్ముడుపోయిందే అందుకు. అన్నదమ్ములున్న ఇంట్లో, సంక్రాంతికి బావామరుదులు చేరిన ఇంట్లో రెండో కంట్రోలర్ ఒకటి ఉంటే చాలేది. ఇప్పుడు ఇద్దరాట ఆన్‌లైన్‌లోనే. డిస్క్ కొన్న ఇంట్లో రెండో మనిషి ఆడాలంటే ఇంకో కన్సోల్ (2022 నవంబరులోనే ప్లేస్టేషన్ 5 డిస్క్ మోడల్ రూ.54,990కి చేరింది), ఇంకో టీవీ, ఇంకో డిస్క్, ఆన్‌లైన్ చందా కావాలి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు సర్వర్ ద్వారా కలుసుకోవడం ఏం చోద్యమో!

తెరను రెండు చేస్తే మెషీన్‌కు బరువే, కాదనం. రెండు కెమెరాలు, అంటే దృశ్యం రెండుసార్లు గీయాలి. ఇద్దరూ చెరో మూలకు పోతే రెండు చోట్ల టెక్స్చర్లు (గోడలు, నేల మీద అతికే బొమ్మలు) ఒకేసారి మెమొరీలో పట్టాలి. సిరీస్ ఎక్స్‌కు 16 జీబీ ఉంటే సిరీస్ ఎస్‌కు 10 జీబీయే. అక్కడ ఇరుకని మీ ఇంజినీర్లు అంటే నమ్ముతాం. కానీ ఒక మెషీన్‌లో ఇరుకని అన్నిటిలోనూ తీసేయాలా? బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్‌కు 2023లో ఇదే చిక్కు వచ్చింది. సిరీస్ ఎస్‌లో మాత్రం ఇద్దరాట ఆపి మిగతా వాటిలో ఇచ్చారు, 2025 ఏప్రిల్ అప్‌డేట్‌తో సిరీస్ ఎస్‌కూ ఇచ్చారు. ఇవ్వకపోతే ఏమవుతుందో హేలో అనే గేముల చరిత్రలో ఉంది. 2015లో హేలో 5 ఒకే తెర ఇద్దరాట లేకుండా వచ్చింది, ఇకపై తప్పకుండా ఇస్తామన్నారు, 2022 సెప్టెంబరులో హేలో ఇన్ఫినిట్ కథకు కూడా రద్దు చేశారు. ఆ మాట తప్పడాన్ని ఆడేవాళ్లు ఇంకా తిడుతూనే ఉన్నారు.

30 ఫ్రేములకు దించండి, నీడల నాణ్యత తగ్గించండి, ఇద్దరూ ఒక హద్దు దాటి దూరం పోకుండా ఆపండి. మొదటి భాగంలో మీరు చేసింది అదే. తెరను మాత్రం అడ్డంగా, నిలువుగా రెండు విధాలా చీల్చుకునే వీలివ్వండి. 16:9 టీవీని నిలువుగా చీలిస్తే ఒక్కొక్కరికి దక్కేది 8:9, పక్కనుంచి వచ్చే శత్రువు కనబడడు.

చిన్నవి కొన్ని. సామాన్ల మెనూలో కింది వరుస అక్షరాలు 32 అంగుళాల టీవీ మీద మంచం దగ్గరి నుంచి చదవడం కుదరదు. పీసీలో చూపు వెడల్పు 60 డిగ్రీలకు బిగించేశారు, రెండడుగుల దూరంలో మానిటర్ పెట్టుకునేవాళ్లకు తల తిరుగుతోంది. పేరు తెలుగులో పెట్టుకుంటే డబ్బాలు కనబడుతున్నాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఉచితమే, ఒత్తులు సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే.

ఇంకొక్క మాట. ముందస్తు బుకింగ్ పేజీలో ‘ఒకే తెర మీద ఇద్దరు’ అని ఉండేది. విడుదలకు ముందు ఆ వరుస చెరిపేశారు, అప్పటికే డబ్బు కట్టినవాళ్లకు చెప్పలేదు. ఆ పేజీ ఫొటోలు, రసీదులు మా దగ్గర ఉన్నాయి, ఈ లేఖకు జత చేశాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇలాంటిది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. కొన్నవాళ్లు తాము ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, రూ.5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. అంతదాకా పోవాలని మాకు లేదు. ఆ పేజీ చూసి బుక్ చేసినవాళ్లలో అడిగినవాళ్లకు, ఎన్ని గంటలు ఆడారన్నది చూడకుండా డబ్బు వాపసు ఇవ్వండి.

మాకు కావలసిన వరుస ఇది. సస్పెండ్ సేవ్, సేవ్ ఫైల్ భద్రత వచ్చే అప్‌డేట్‌లోనే రావాలి. డాడ్జ్, పరుగు విడదీయడం దాంతోపాటే రావచ్చు, పెద్ద పని కాదు. ఆఫ్‌లైన్ ఆట ఆ తరవాత. ఇద్దరాటకు నెలలు పడుతుందని తెలుసు, వస్తుందా రాదా అన్నది మాత్రం ఇప్పుడే చెప్పండి. ఏది ఏ మెషీన్‌కు ఇస్తారో, ఏది ఇవ్వరో విడివిడిగా రాసి, కొనుగోలుకు వాడిన మా ఈమెయిళ్లకు 30 రోజుల్లోగా జవాబు పంపగలరు.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆటగాళ్లు

జతపరచినవి: రసీదుల నకళ్లు, ముందస్తు బుకింగ్ పేజీ ఫొటోలు, డాడ్జ్ ఆలస్యం చూపే స్లో మోషన్ వీడియోలు, పాడైన సేవ్ ఫైళ్లు.