తప్పు అచ్చేసి సవరణ కూడా వేయరా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆగస్టు 29న, క్రీడా దినోత్సవం రోజున, మీ పిల్లల పేజీలో వేసిన ‘మీకు తెలుసా’ చదివి ఊరుకుందామనే అనుకున్నాను. వారం తిరగకుండానే అది చేసిన నష్టం కళ్లారా చూశాక రాయక తప్పడం లేదు.

‘మన జాతీయ క్రీడ హాకీ’ అని రాశారు. మన దేశానికి జాతీయ క్రీడ అంటూ ఏదీ లేదు. 2012లో ఒక స్కూలు విద్యార్థిని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఏ ఆటనూ అలా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖే జవాబిచ్చింది. మా ఊరి హైస్కూలు క్విజ్‌లో ఇదే ప్రశ్న వచ్చింది. ‘ఏదీ లేదు సార్’ అని చెప్పిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ పిల్ల వాదించబోతే, నోటీసు బోర్డుకు అంటించిన మీ పేపరు ముక్క చూపించి కూర్చోబెట్టారు.

దీనికంటే ఒళ్లు మండించింది రెండో అంశం. మన తొలి టెస్టు క్రికెట్ కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు అట! 1932 ఇంగ్లండ్ పర్యటనకు ఆయన్ని కెప్టెన్‌గా పంపిన మాట నిజమే. రాచకుటుంబం వాళ్లకే ఆ పదవి కట్టబెట్టిన రోజులవి. కానీ జూన్ 25న లార్డ్స్‌లో టెస్టు మొదలయ్యే నాటికి ఆయన పక్కకు తప్పుకున్నారు. వైస్ కెప్టెన్‌గా వెళ్లిన లింబ్డీ రాజకుటుంబీకుడికి గాయమైంది. జట్టును నడిపించింది సి.కె.నాయుడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. తొలి ఇన్నింగ్స్‌లో మనవాళ్లలో ఎక్కువ పరుగులు చేసిందీ ఆయనే, 40. అంతకు ఆరేళ్ల ముందు బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు బౌలర్లను 11 సిక్సర్లు బాది 153 కొట్టిన మనిషి. ఆయన స్థానంలో ఇంకొకరి పేరు వేయడానికి ఒక తెలుగు పేపరుకు మనసెలా ఒప్పింది?

వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు దించేస్తున్నారని చూడగానే తెలిసిపోతోంది. అచ్చుకు ముందు ఒకసారి సరిచూసేవాళ్లే లేరా? బెర్లిన్‌లో 1936 ఒలింపిక్స్ హాకీ ఫైనల్లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించింది. సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్ లిఫ్టింగ్‌లో మన కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఇలాంటి నిజాలు ఎన్ని లేవు?

అధికారుల సంగతీ ఇంతే. రోజూ బడిలో చదివించే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞ రాసిందెవరని పిల్లలు అడిగితే, ఆ క్విజ్ రోజు బహుమతులు పంచడానికొచ్చిన పెద్దమనిషి నీళ్లు నమిలారు. నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో, విశాఖలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. ఇదైనా మీ శీర్షికలో ఎప్పుడైనా వేశారా?

రెండు తప్పులకూ సవరణ అదే పేజీలో, అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. లోపలెక్కడో మూలన రెండు లైన్లు వేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకునేది లేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి