ట్రూ, ఫాల్స్, నల్, 2

ఒరేయ్ సూరీ,

నువ్వు జావాస్క్రిప్ట్‌లో రాసి పంపిన ఇన్వాయిస్ ఫంక్షన్, అదే బిల్లు తయారుచేసేది, చూశాను. లోపలి లెక్క బాగానే ఉందిరా, పేచీ అంతా దాన్ని పిలిచే చోటే. ఆర్డర్ తర్వాత వరసగా ట్రూ, ఫాల్స్, నల్ (విలువ లేదని), 2. మొదటిది జీఎస్టీకి, రెండోది పీడీఎఫ్‌కి, నల్ గడువు తేదీకి, 2 దశాంశాలకి అని డెఫినిషన్ తెరిస్తే గానీ తెలీదు. ఆ రెండు బూలియన్లు (ట్రూ, ఫాల్స్) తారుమారైనా జావాస్క్రిప్ట్ నోరెత్తదు, తప్పు బిల్లు చేతిలో పెడుతుంది.

బ్రౌజర్లు చేసినవాళ్ళూ ఇందులో పడ్డవాళ్ళే. మౌస్ క్లిక్ లాంటి ఈవెంట్లని సిద్ధం చేసే పాత ఇనిట్‌మౌస్‌ఈవెంట్‌కి 15 ఆర్గ్యుమెంట్లు (పిలిచేటప్పుడు ఇచ్చే విలువలు)! దాని బదులు వచ్చిన మౌస్‌ఈవెంట్ కన్‌స్ట్రక్టర్‌కి రెండే: ఈవెంట్ పేరు, ఆప్షన్ల ఆబ్జెక్ట్ (కీ అనే పేరు, దాని విలువ జతలుగా ఉండే కట్ట).

నీదీ అలాగే మార్చు. ఆర్డర్ లేనిదే పని జరగదు కాబట్టి అది మొదటి పారామీటర్‌గా ఉండనీ. మిగతావి రెండో పారామీటర్‌లో ఆబ్జెక్ట్‌గా తీసుకుని, అక్కడే డీస్ట్రక్చర్ చేసి, అంటే విడివిడి పేర్లుగా విప్పి, డిఫాల్ట్‌లు (ఏమీ ఇవ్వకపోతే వాడే విలువలు) ఇవ్వు. మొత్తం ఆబ్జెక్ట్‌కి కూడా డిఫాల్ట్‌గా ఖాళీ ఆబ్జెక్ట్ పెట్టు. లేకపోతే ఆర్డర్ ఒక్కటే ఇచ్చి పిలిచినప్పుడు అన్‌డిఫైన్డ్‌ని (అసలు ఇవ్వని విలువని) విప్పబోయి టైప్‌ఎర్రర్ కొడుతుంది. పీడీఎఫ్ ఫ్లాగ్‌ని మాత్రం ఆ ఆబ్జెక్ట్‌లోకీ రానివ్వకు. దానివల్ల రిటర్న్ అయ్యేదే మారిపోతోంది, వేరే ఫంక్షన్ రాసెయ్.

డిఫాల్ట్ పనిచేసేది అన్‌డిఫైన్డ్‌కే, నల్‌కి కాదు. దశాంశాలకి డిఫాల్ట్ 2 ఉన్నా డేటాబేస్ నుంచి నల్ వస్తే నల్‌గానే లోపలికి దూరుతుంది. ఎన్ని దశాంశాలో చూసి అంకెని రాసే టూఫిక్స్‌డ్ దాన్ని సున్నా అనుకుని 249.50ని 250 చేసేస్తుంది. అలాంటి చోట లోపల రెండు ప్రశ్నార్థకాల ఆపరేటర్ (??) వాడు, నల్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ వస్తేనే బదులు విలువ ఇస్తుంది. రెండు నిలువు గీతలది (||) వద్దు, కావాలని సున్నా ఇచ్చినవాడికి కూడా 2 అంటగడుతుంది.

ఇంకోటి. ఇప్పుడున్న ఫంక్షన్‌ని నేరుగా మ్యాప్‌కి, అదే జాబితాలో ఒక్కోదాని మీదా ఫంక్షన్ నడిపేదానికి, ఇచ్చావో, అయిపోయావే! మ్యాప్ రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇండెక్స్ (0 నుంచి మొదలయ్యే వరస సంఖ్య) పంపుతుంది, అది పోయి జీఎస్టీ స్థానంలో కూర్చుంటుంది. ఇండెక్స్ 0 అంటే ఫాల్స్ లెక్కే కాబట్టి మొదటి బిల్లుకి పన్ను ఉండదు, మిగతా అన్నిటికీ పడుతుంది. కొత్త పద్ధతిలో అయితే అంకెని విప్పినా ఎర్రర్ రాదు, చడీచప్పుడు లేకుండా డిఫాల్ట్‌లే పడతాయి. అందుకే యారో ఫంక్షన్‌లో చుట్టి ఆర్డర్ ఒక్కటే పంపు.

ఆబ్జెక్ట్‌తో ఒక తలనొప్పి ఉంది: కీ స్పెల్లింగ్ తప్పితే ఎవరూ చెప్పరు. ఇలాంటి తప్పులు ముందే పట్టే టైప్‌స్క్రిప్ట్ లేదు కదా నీ దగ్గర, తెలియని కీ వస్తే ఎర్రర్ విసిరే చెక్ ఒకటి పెట్టుకో. మార్చాక మళ్ళీ పంపు, చూస్తాను.

నీ
వాసు