వాల్ దోర్చాలో నాలుగు రాత్రులు: రఘుకు ఒక ఉత్తరం

బొలోన్యా, ఇటలీ,
జనవరి నెల.

ప్రియమైన రఘూ,

నువ్వు పంపిన ప్రయాణ ప్రణాళిక అందింది. ఏడు రాత్రుల్లో రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, అమాల్ఫీ తీరం అన్నీ చూసి, మధ్యలో ‘టస్కనీ పల్లెటూళ్ళు, ఒక పూట’ అని రాశావు. నా మాట వింటే మిగిలినవాటిలో రోమ్ ఒక్కటి ఉంచి తక్కినవన్నీ కొట్టేసి, ఆ ఒక్క పూటనే అసలు ప్రయాణంగా మార్చమంటాను. ఎందుకో, ఎలాగో వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం. పొడుగైపోతుందని తెలుసు, నువ్వు, శారద వదిన కలిసి కూర్చుని ఓపికగా చదవండి.

మనం ఎనిమిది మందిమి. మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, నాన్నగారికి మధ్యాహ్నం కునుకు తప్పనిసరి, పిల్లలిద్దరికీ రోజుకొక చర్చి చూపిస్తే మూడో రోజుకే విసుగు. ఇలాంటి బృందం ఒక హోటల్ ఖాళీ చేసి ఇంకొక ఊళ్ళో దిగిన ప్రతిసారీ ఒక రోజు పోయినట్టే లెక్క. ఉదయం పెట్టెలు సర్దడం, ఎనిమిది మందీ ఫలహారం ముగించడం, సామాను రైలెక్కించడం, దిగాక గదులు చేతికిచ్చే మధ్యాహ్నం మూడింటిదాకా ఎక్కడో కాలక్షేపం చేయడం, వీటితోనే సరిపోతుంది. రోమ్ నుంచి వెనిస్‌కు వేగంగా పోయే రైల్లోనే దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఆ లెక్కన నీ ప్రణాళికలో మీరు చూసేది ఇటలీని కాదు, స్టేషన్లను.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే: దక్షిణ టస్కనీలో వాల్ దోర్చా అనే లోయలో, పియెంజా, సాన్ కీరికో దోర్చా అనే రెండు చిన్న ఊళ్ళ మధ్య ఒక పొలం ఇల్లు తీసుకుని నాలుగు రాత్రులు అక్కడే ఉందాం. క్యాలెండర్ల మీద, గోడపటాల మీద నువ్వు చూసే ఆ సైప్రస్ చెట్ల వరుసలు, గోధుమచేల గుట్టలు, గుట్ట మీద ఒంటరిగా నిలబడిన రాతి ఇల్లు, వీటిలో చాలావరకు ఈ లోయవే. 2004లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. అందంగా ఉండడం ఒక్కటే దానికి కారణం కాదు. ఒకప్పటి నగరరాజ్యం సియెనా తన ఏలుబడిలోకి వచ్చిన ఈ బంకమట్టి నేలను ఒక ఆదర్శం ప్రకారం సాగులోకి తేవడం, ఆ తీర్చిదిద్దిన నేలను చూసి చిత్రకారులు బొమ్మలు గీయడం, ఈ రెండూ కలిసే దానికి ఆ గుర్తింపు తెచ్చాయి.

ఇక్కడి పొలం ఇళ్ళ సంగతి కాస్త చెప్పాలి. వ్యవసాయం చేసే కుటుంబం తన ఇంట్లో అతిథులకు బస ఇచ్చే పద్ధతిని అగ్రితురిజ్మో అంటారు. దానికి ఇటలీలో ప్రత్యేకమైన చట్టమే ఉంది. బస ఇవ్వడం ఎప్పుడూ సేద్యానికి అనుబంధంగానే ఉండాలని ఆ చట్టం చెబుతుంది. అందుకే ఇంటి వెనక నిజంగా ఒలీవ తోటో, గొర్రెల కొట్టమో ఉంటుంది. ఈ ఇళ్ళలో చాలావాటిలో ఒకప్పుడు, మన దగ్గర సగపాలుకు చేసే రైతుల్లాగే, పండినదాంట్లో సగం భూస్వామికి కొలిచి ఇచ్చే కుటుంబాలు రెండు మూడు తరాలవారు కలిసి ఉండేవారు. మెజ్జాద్రియా అనే ఆ పద్ధతిలో కొత్త ఒప్పందాలను 1964 నాటి చట్టం నిషేధించింది. అప్పటికే జనం ఫ్యాక్టరీలున్న పట్నాలకు తరలిపోతున్నారు, ఇళ్ళు ఖాళీ పడుతున్నాయి. కింద పశువుల కొట్టం, పైన వంటిల్లు, పడకగదులు ఉన్న అలాంటి ఇంట్లో పడుకుంటాం కాబట్టి పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పు. ఆ గోడలు ఎవరి కష్టంతో నిలబడ్డాయో వాళ్ళకు తెలియాలి.

కాలం విషయానికొస్తే, మే నెల మూడో వారాన్ని మించినది లేదు. మన బడులు జూన్ రెండో వారందాకా తెరవరు కనుక పిల్లల చదువుకు అడ్డం ఉండదు. అప్పటికి గోధుమ చేలు ఇంకా పచ్చగా ఉండి, వాటి మధ్య ఎర్రని పాపీ పూలు విరగబూస్తాయి. జూన్ చివరికి అదంతా పసుపు రంగులోకి తిరిగి కోతలు మొదలవుతాయి, జూలై ఆగస్టుల్లో దున్నిన మట్టి, మోళ్ళు, మండే ఎండ తప్ప ఏమీ ఉండదు. పైగా వేసవి మధ్యలో చాలా ఇళ్ళు శనివారం నుంచి శనివారం దాకా వారానికే అద్దెకిస్తాయి, నాలుగు రాత్రులంటే ఒప్పుకోరు. జూన్ 2 ఇటలీ గణతంత్ర దినం, ఆ సెలవులకు ఊళ్ళన్నీ కిటకిటలాడతాయి, మనం దానికి ముందే వచ్చేయాలి.

వాహనం గురించి నువ్వు తొమ్మిది సీట్ల వ్యాను అన్నావు. వద్దు. ఎనిమిది మంది కూర్చున్నాక ఎనిమిది పెద్ద పెట్టెలకు అందులో చోటు చాలదు. రెండు మామూలు కార్లు తీసుకుందాం. మధ్యాహ్నం అమ్మగారు, నాన్నగారు అలసిపోతే ఒక కారు ఇంటికి తిరిగి వెళ్ళిపోవచ్చు, తక్కినవాళ్ళ తిరుగుడు ఆగదు. పెద్దవాళ్ళతో వచ్చేటప్పుడు ఈ వెసులుబాటు కన్నా విలువైనది ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం. ఒక కారు నేను నడుపుతాను, రెండోది నువ్వు. నువ్వూ, మనతో వచ్చే సుబ్బారావూ ఇద్దరూ ఆర్‌టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. మన లైసెన్సుతో పాటు అది కూడా లేకపోతే ఇక్కడ బండి నడపడం చట్టవిరుద్ధం. కార్లు మామూలుగా గేర్లవే ఇస్తారు. ఆటోమేటిక్ కావాలంటే బుక్ చేసేటప్పుడే అడగాలి. ఇక్కడ కుడివైపు నడపాలి, ఆ అలవాటు ఒక గంటలో పట్టుబడుతుంది.

దానికన్నా జాగ్రత్త పడవలసినవి ఊళ్ళ నడిబొడ్డు వీధులు. పాత ఊళ్ళలో చాలాచోట్ల లోపలికి స్థానికుల వాహనాలకే అనుమతి; ముఖద్వారం దగ్గర తెల్లని పలక మీద ఎర్రని వలయం, కింద ‘జోనా ఎ త్రాఫికో లిమితాతో’ అనే అక్షరాలు ఉంటాయి, పైన కెమెరా ఉంటుంది. జీపీఎస్ దగ్గరి దారి అని అటే తిప్పుతుంది. దాటితే ఎవరూ ఆపరు, కొన్ని నెలల తర్వాత హైదరాబాదులో మీ ఇంటికే జరిమానా కాగితం వస్తుంది, మీ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు కారు అద్దె సంస్థ వేరుగా రుసుము వసూలు చేస్తుంది. అందుకని ఎప్పుడూ ఊరి గోడ బయటే ఆపుదాం. నీలం గీతల మధ్య డబ్బు కట్టి ఆపాలి, తెల్ల గీతలు ఉచితం, పసుపు గీతలు మనకు కావు. బంకులో ‘గజోలియో’ అంటే డీజిల్, ‘బెంజీనా’ అంటే పెట్రోలు. తీసుకునేటప్పుడే మన కారు దేనిదో మూత మీద చూసి గుర్తుపెట్టుకో.

ఇక రోజులు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చినవాళ్ళు దిగిన రోజే దూరం నడపకూడదు. నేను రోమ్ దగ్గరి ఫ్యూమిచీనో విమానాశ్రయానికి వస్తాను. అక్కడి నుంచి ఏ1 మోటారు రహదారి మీద గంటన్నరకు ఓర్వియేతో అనే ఊరు చేరతాం, మొదటి రాత్రి అక్కడే. ఊరు ఎత్తైన రాతి పీఠం మీద ఉంటుంది కానీ, కింద కారు ఆపిన చోటి నుంచి పైకి ఎస్కలేటర్లు, లిఫ్టులు ఉన్నాయి, అమ్మగారికి ఇబ్బంది లేదు. మర్నాడు ఉదయం కథెడ్రల్ ముందు కూర్చుని ఆ ముఖభాగాన్ని చూడండి. దాని నిర్మాణం 1290లో మొదలైంది. లోపల లూకా సిన్యొరెల్లి గీసిన ప్రళయకాల చిత్రాలు పిల్లల్ని కూడా పట్టి నిలబెడతాయి. తర్వాత క్యూసీ దగ్గర మోటారు రహదారి దిగి ఇంటికి వెళ్ళిపోదాం. చివరి రెండు మూడు కిలోమీటర్లు తారు ఉండదు, తెల్లని కంకర దారి. చీకటి పడకముందే చేరాలి.

పియెంజా మొదట చూద్దాం, అది అందుకు తగినంత చిన్న ఊరు. కొర్సిన్యానో అనే పల్లెలో 1405లో పుట్టిన ఎనేయా సిల్వియో పిక్కొలోమిని, 1458లో రెండో పయస్ అనే పేరుతో పోప్ అయ్యాడు. మరుసటి ఏడాదే బెర్నార్దో రొస్సెల్లీనో అనే శిల్పిని పిలిచి తన ఊరి నడిబొడ్డును కొత్తగా కట్టించి తన పేరే పెట్టాడు. కథెడ్రల్ వెనక గోడ పక్కన సన్నని నడకదారి ఉంటుంది, అక్కడి నుంచి లోయంతా, అవతల 1738 మీటర్ల అమియాతా పర్వతం దాకా కనబడుతుంది. వెలుతురు ధారాళంగా రావాలని పోప్ పట్టుబట్టడంతో ఆ కథెడ్రల్‌ను సరిగ్గా వాలు అంచున కట్టారు. కింద బంకమట్టి కుంగుతుండడంతో వెనకభాగం ఈనాటికీ కొద్దికొద్దిగా దిగుతోంది. లోపలికి వెళ్ళినప్పుడు నేల వాలును పాదాలతోనే గమనించవచ్చు.

సియెనాను మరుసటి రోజుకు ఉంచాను, కావాలనే. ముందు పొలాలు కళ్ళకు అలవాటు కావాలి. అక్కడి పాలాజ్జో పుబ్లికో అనే నగర పాలక భవనంలో అంబ్రోజియో లోరెన్‌జెత్తి 1338–39లో మంచి పాలన, చెడు పాలన ఫలితాలను గోడల మీద చిత్రించాడు. మంచి పాలన ఉన్న గోడ మీద నగరద్వారం నుంచి దారి కిందికి దిగుతుంది. నడుం చుట్టూ తెల్లని పట్టీ ఉన్న నల్ల పందిని తోలుకుంటూ ఒక రైతు ఎదురొస్తున్నాడు, కింద చేలో కోతలు, నూర్పిళ్ళు నడుస్తున్నాయి, వెనక అవే గుట్టలు, అవే ద్రాక్ష వరుసలు. ముందురోజు మనం కారు కిటికీలోంచి చూసిన నేలను దాదాపు ఏడు వందల ఏళ్ళ కిందటి గోడ మీద గుర్తుపడతాం, ఈ ప్రయాణం మొత్తంలో నేను నీకు చూపించాలని తహతహలాడేది ఇదే. సాంతా కతెరీనా పార్కింగ్‌లో కారు ఆపితే అక్కడా ఎస్కలేటర్లు ఉన్నాయి.

ఆ లోయలో మన నాలుగో రోజుకు ఏ పనీ పెట్టవద్దు. కావలసినవాళ్ళు బాన్యో విన్యోనికి వెళ్ళవచ్చు. ఊరి కూడలి ఉండాల్సిన చోట అక్కడ వేడి నీటి ఊట ఉన్న పెద్ద రాతి కోనేరు ఉంటుంది. అందులో దిగనివ్వరు కానీ, ఊరి చివర పాత పిండిమరల దగ్గర పారే కాలువలో కాళ్ళు పెట్టుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు. మిగిలినవాళ్ళు ఇంట్లో పడుకుంటారు.

భోజనం గురించి అమ్మగారికి బెంగ వద్దని చెప్పు. ఈ ప్రాంతపు పీచి అనే పాస్తాను గోధుమపిండి, నీళ్ళతోనే చేస్తారు. పీట మీద పిండిని చీలికలుగా కోసి, ఒక్కొక్కదాన్ని అరచేతుల కింద దొర్లిస్తూ మూరెడు పొడుగున లాగుతారు, మనవాళ్ళు సేమియా చేత్తో చేసే పద్ధతికి అది దగ్గర. దానికి అల్యోనె అనే పెద్ద వెల్లుల్లి, టమాటా కలిపిన సాస్ అడగండి. ‘రగూ’ అని ఉంటే మాంసమే. పియెంజా గొర్రెపాల జున్ను పెకోరీనో ప్రసిద్ధం, కానీ పాలను తోడుపెట్టడానికి చాలా చోట్ల పశువు కడుపు నుంచి తీసిన పదార్థమే వాడతారు కాబట్టి నిష్ఠగా శాకాహారం పాటించేవారు ముందే అడగాలి. టస్కనీ రొట్టెలో ఉప్పు ఉండదు, ఆవకాయతో బాగానే దిగుతుంది. ఆవకాయ తెండి. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం వద్దు, యూరప్‌లోకి పాల పదార్థాలు తేనివ్వరు. ఇక్కడ వెన్న కొని మనమే కాచుకుందాం. హోటళ్ళ వంటిళ్ళు మధ్యాహ్నం రెండున్నర దాటితే మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడున్నరకే. ఆ వేళ తప్పితే పిల్లలు ఆకలితో ఉంటారు. అందుకే రాత్రిపూట ఇంట్లోనే అన్నం, పప్పు.

ఆరో రోజు ఉదయం బయలుదేరి కార్లను ఫ్యూమిచీనోలోనే అప్పగించి, విమానాశ్రయం రైల్లో 32 నిమిషాల్లో రోమ్ తెర్మిని స్టేషన్‌కు వెళ్ళిపోదాం. రోమ్‌లో కారు మనకు శత్రువే. అక్కడ రెండు రాత్రులు. ఏం చూడాలో పిల్లలే నిర్ణయించనీ.

వీసా పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. వేసవికి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు, ఒక్కొక్కరికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, మీరు ఇక్కడి నుంచి తిరిగి వెళ్ళే తేదీ తర్వాత మరో మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి, అది జారీ అయి పదేళ్ళు దాటకూడదు. నాన్నగారి వయసుకు బీమా రేటు వేరుగా ఉంటుంది కనుక దాన్ని ముందు విచారించు.

ఈ ఆదివారం లోగా నాకు మూడు సంగతులు రాయి: అందరి పాస్‌పోర్టుల గడువు తేదీలు, నీ సెలవు ఖాయమైన తేదీలు, సుబ్బారావు కారు నడుపుతాడా లేదా. అవి అందిన రోజే ఇంటికి బయానా కట్టేస్తాను. కింద గదులు రెండున్న ఇంటినే వెతుకుతున్నాను, అమ్మగారు మెట్లు ఎక్కాల్సిన పని ఉండకూడదు.

నీ
శ్రీధర్