స్కాన్ తీసినాయనకు, ఇంకా కొందరికి

సగం మొహం ఇంకా తిమ్మిరిగానే ఉంది. నోరు పూర్తిగా తెరుచుకోవట్లేదు. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. అయినా రేపు రాద్దాంలే అనుకుంటే ఇక రాయనని తెలుసు కాబట్టి ఇప్పుడే కూర్చున్నాను. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

మొదట కృతజ్ఞత చెప్పాల్సింది నా పంటికి స్కాన్ తీసినాయనకి. ఆయన డాక్టరు కాదు, స్కాన్ టెక్నీషియన్. పేరు చొక్కాకున్న బ్యాడ్జీ మీద చదివాను. అడక్కుండా ఇక్కడ రాయడం బాగుండదని రాయట్లేదు.

పై దవడలో కుడివైపు పెద్ద పన్ను. ఎప్పుడో రూట్ కెనాల్ చేయించి, క్యాప్ వేయించుకుని, దాని సంగతే మర్చిపోయాను. ఈమధ్య నమిలేటప్పుడు ఆ పన్ను మిగతావాటికంటే ఎత్తుగా ఉన్నట్టు, ముందు అదే తగులుతున్నట్టు అనిపించేది. తర్వాత పోటు మొదలైంది. కూర్చుంటే కాస్త నయం, తల దిండు మీద పెట్టగానే కణత దాకా లాగేది. చిగురు మీద చిన్న పొక్కు లేచేది. అది పగిలి చీము కారితే నొప్పి తగ్గేది, నాలుగు రోజులకి మళ్ళీ లేచేది. కుడి ముక్కులోంచి ఒకటే దుర్వాసన. చివరికి బుగ్గ కంటి కింద దాకా వాచింది.

ఆ వాపుతోనే స్కాన్‌కి వెళ్ళాను. సీబీసీటీ అంటారు, పన్నునీ దవడనీ అన్ని వైపుల నుంచీ చూపించే స్కాన్. గడ్డం ఒక దిమ్మె మీద ఆనించి, ముందు పళ్ళతో చిన్న ప్లాస్టిక్ పుల్ల కరిచిపట్టుకోమంటారు. మిషన్ తల చుట్టూ ఒకసారి తిరుగుతుంది. ఎంతోసేపు పట్టదు గానీ ఆ కాసేపూ కదలకూడదు, కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. నాకేమో ఆ పుల్ల కరవడమే చేతకాలేదు. పైపన్ను కిందిపన్నుకి తగిలితే చాలు, ప్రాణం పోయినట్టుండేది. ప్రయత్నించిన ప్రతిసారీ ఉలిక్కిపడి కదిలిపోయాను. బయట వరసలో ఉన్నవాళ్ళు విసుక్కోవడం వినిపిస్తూనే ఉంది. "సారీ అండీ, సారీ అండీ" అంటూ ఏడుపు మొదలుపెట్టాను.

ఆయన మిషన్ ఆపేశారు. "సారీ ఎందుకమ్మా? నొప్పి మీదా, నాదా?" అన్నారు.

పుల్ల తీసేసి, దూది చుట్టి నా ముందు పళ్ళ మధ్య పెట్టారు. వెనక పళ్ళు కలవక్కర్లేదు, దీన్ని మెల్లగా పట్టుకుంటే చాలన్నారు. తలుపు దగ్గరికి వెళ్ళి "కొంచెం ఆలస్యమవుతుంది" అని బయటవాళ్ళకి చెప్పి తలుపు వేసేశారు. పోటు సర్దుకునేదాకా ఏమీ మాట్లాడకుండా పక్కనే నిలబడ్డారు. స్కాన్ సరిగ్గా వచ్చింది.

తర్వాత జరిగింది చెప్పాలంటే, అక్కడిదాకా పంటివాళ్ళెవరూ నన్ను నమ్మలేదన్న సంగతి చెప్పాలి. రూట్ కెనాల్ చేసినచోట "నరం తీసేశాం కదా, నొప్పెలా వస్తుంది?" అని ఎదురు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. యాంటీబయాటిక్ రాసిచ్చారు. తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఇంకోటి రాసిచ్చారు. మామూలు ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదన్నారు. ఎక్కువ ఆలోచిస్తున్నారు, టెన్షన్ తగ్గించుకోండి అన్నవాళ్ళూ ఉన్నారు. మనకే అనుమానం వస్తుందండీ కొన్నాళ్ళకి, లేని నొప్పిని నేనే తెచ్చిపెట్టుకుంటున్నానేమోనని.

స్కాన్ అయ్యాక ఆయన మానిటర్ నావైపు తిప్పారు. "రిపోర్టు చెప్పాల్సింది నేను కాదమ్మా, డాక్టరుగారు చూసి చెప్తారు. కానీ ఇది మాత్రం మీరు ఊహించుకున్న నొప్పి కాదు" అన్నారు. వేరు చివర నల్లగా ఒక గుండ్రటి నీడ. ఎముక ఉండాల్సిన చోట ఎముక లేదు.

అప్పుడు ఏడ్చాను చూడండి. అంతకుముందుది ఏడుపే కాదు. జబ్బు బయటపడిందని సంతోషపడినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆయన పని అక్కడితో అయిపోయింది. డ్యూటీ టైమూ అయిపోయింది, బ్యాగు భుజాన వేసుకుని ఉన్నారు. నా బుగ్గ చూసి "రాత్రికి ఇలా వదలకూడదు" అని, పంటి వేర్ల వైద్యం ప్రత్యేకంగా చదివిన డాక్టరు ఇంకా ఎక్కడ ఉన్నారో కనుక్కోవడానికి ఫోన్లు మొదలుపెట్టారు. ఒకరు ఎత్తలేదు, ఒకరు వారం తర్వాత రమ్మన్నారు. ఆయన బ్యాగు కింద పెట్టేసి మళ్ళీ కూర్చున్నారు. చివరికి ఒకావిడ దొరికారు. స్కాన్ రెండు కాపీలు చేసి ఇచ్చి "ఒకటి వాళ్ళకివ్వండి, ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. ఇది మీది" అన్నారు.

ఆ "ఇది మీది" అన్నమాట నాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే పాత ఎక్స్‌రేలు ఇమ్మని మొదటి క్లినిక్‌ని ఎంత అడిగినా ఇవ్వలేదు. సిస్టమ్‌లో లేవన్నారు, డాక్టరుగారు లేరన్నారు, లెటర్ రాసివ్వమన్నారు, రాసిస్తే ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్ ఇంతవరకూ రాలేదు. నా నోట్లో పంటి బొమ్మ నాకివ్వడానికి ఇన్ని మాటలా? ముక్కు వాసనంటే ముక్కు డాక్టరు దగ్గరికి పొమ్మంటారు, వాళ్ళు పన్ను చూపించుకోమంటారు, పంటివాళ్ళు మాత్ర రాస్తారు. పన్నూ ముక్కూ ఒకే తలకాయలో ఉన్నాయని గుర్తుంచుకునే బాధ్యత మాత్రం రోగిదేనా? సరే, ఇది కృతజ్ఞతల పోస్టు. ఆపుతాను.

ఆ డాక్టరుగారు రాత్రి ఆలస్యమైనా ఉండి చూశారు. "నరం తీసేశాక నొప్పేంటి" అన్న ప్రశ్నకి ఆవిడే జవాబు చెప్పారు. పంటి లోపల నరం పోయినా, వేరు చుట్టూ ఉండే పొరా ఎముకా బతికే ఉంటాయి. నొప్పి వాటిది. పై దవడలో మొదటి పెద్ద పంటికి మామూలుగా మూడు వేర్లుంటాయి. అయితే ముందువైపు వేరులో చాలామందికి రెండు కాలువలుంటాయట. ఆ రెండోది బాగా సన్నం, మామూలు ఎక్స్‌రేలో ఒకదాని వెనక ఒకటి పడి కనిపించదు. నాకు శుభ్రం చేయకుండా మిగిలిపోయింది అదే. అందులో దాక్కున్న బాక్టీరియా వేరు చివర్నించి ఎముకలోకి దిగింది. నరం తీసేసిన పంటి లోపల రక్తప్రసరణ ఉండదు కాబట్టి మాత్రల మందు అక్కడిదాకా చేరదు. అందుకే వాపు తగ్గడం, మళ్ళీ రావడం. పై దవడలో వెనక పళ్ళ వేర్లు సైనస్ గదిని ఆనుకునే ఉంటాయి, ముక్కు వాసన అక్కడిది.

క్యాప్ తీసి, పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించి, మైక్రోస్కోపులో చూస్తూ పాత ఫిల్లింగ్ తోడేశారు. శుభ్రం చేయకుండా మిగిలిన ఆ నాలుగో కాలువ దొరగ్గానే చీము బయటికొచ్చింది. బుగ్గలో బిగువు అప్పటికప్పుడే సడలింది. లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెట్టి తాత్కాలికంగా మూశారు. మళ్ళీ వెళ్ళి పూర్తి చేయించుకోవాలి. ఎముక నిండడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుందట. మానకపోతే చిగురు తెరిచి వేరు చివర సుమారు 3 మిల్లీమీటర్లు కోసి, అక్కడ మూసే ఆపరేషన్ ఉందట. ఏదీ దాచకుండా చెప్పినందుకు ఆవిడకి నమస్కారాలు.

ఇలాంటి పన్ను ఉన్నవాళ్ళకి ఒక్క మాట. వాపుతో పాటు జ్వరం, మింగలేకపోవడం, ఊపిరి కష్టమవడం, కన్ను మూసుకుపోవడం, నోరు తెరవలేకపోవడం, వీటిలో ఏదున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. రాత్రయినా సరే నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

మావారు, అత్తయ్య, పిల్లలు ఇల్లు చూసుకున్నారు. వాళ్ళకి తెలుసు.

అన్నట్టు, ఒక పక్కనే సైనస్ వచ్చిందంటే పంటిని అనుమానించాలని చెప్పి అసలు ఆ స్కాన్ రాసిచ్చిన ఈఎన్‌టీ డాక్టరుగారిని మర్చిపోయాను! వీరి పేరు పైనే రావాల్సింది, క్షమించాలి. స్కాన్ వరసలో నా వెనకుండి, విసుక్కోకుండా నా ఫైలు పట్టుకున్న కాలేజీ అమ్మాయికి థాంక్స్. నా పని చెప్పకుండా పూర్తి చేసి పంపిన ఆఫీసు ఫ్రెండ్‌కి. ఆ రాత్రి డాక్టరుగారి పక్కన ఉండి, తన చివరి బస్సు పోయినా కదలని అసిస్టెంట్ అమ్మాయికి. చీటీ తీసుకుని, పెన్సిలిన్ పడుతుందా అని ముందే అడిగి, పడదంటే వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి మందు మార్పించిన మందుల షాపు అబ్బాయికి కూడా. ఇంకెవరినైనా వదిలేస్తే కింద గుర్తుచేయండి, కలుపుతాను.