వియ్యంకుడి పేరు మాయమైన కథ

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

బావా,

మీ ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను. కంప్యూటర్లో కొత్తగా డెబియన్ లినక్స్ వేసుకున్నావని, అప్పుడే డిస్కు నిండిపోయిందని రాశావు. అక్కర్లేనివి ఏవో తేల్చి చెప్పమన్నావు. చెబుతాను గానీ, ముందు నా నిర్వాకం విను.

మా షాపు సంగతి నీకు తెలియనిది కాదు. ఒక పక్క ఒడియా దరఖాస్తులు, ఇంకో పక్క తెలుగు శుభలేఖలు. పోయిన నెల డిస్కులో చోటు చాలక సర్దుదామని కూర్చుంటే, జాబితాలో ఫాంట్స్-ఇండిక్ అనే ప్యాకేజీ, అంటే సాఫ్ట్‌వేర్ మూట, కనిపించింది. గుజరాతీ, పంజాబీ, మలయాళం అక్షరాలతో ఇక్కడ నాకేం పని అనుకుని తీసేశాను. తర్వాత ఆప్ట్ ఆటోరిమూవ్ కొట్టాను. ఆప్ట్ అంటే ప్యాకేజీలు వేసి, తీసే ప్రోగ్రాము; ఆటోరిమూవ్ అంటే అక్కర్లేనివి ఊడ్చేసే ఆదేశం. పెద్ద జాబితా వచ్చింది, కొనసాగించమంటావా అని అడిగింది. చదవకుండా ఎంటర్ నొక్కాను. అక్కడ వై పెద్దక్షరంలో ఉంటుంది చూడు, ఉత్త ఎంటర్ కొట్టినా అవుననే అర్థం.

ఆటోరిమూవ్ పనిచేసే తీరు పెళ్లి పిలుపుల్లాంటిది. నువ్వు పేరుపెట్టి పిలిచిన చుట్టాన్ని ఒకలా, ఆయన వెంట వచ్చినవాళ్లను ఒకలా గుర్తుపెట్టుకుంటుంది. చుట్టం వెళ్లిపోయాక, వెంట వచ్చినవాళ్లతో ఇంకెవరికీ పని లేకపోతే వాళ్లనూ సాగనంపుతుంది. ఫాంట్స్-ఇండిక్‌లో నిజానికి ఒక్క అక్షరమూ లేదు, మిగతా ఫాంట్లను వెంటబెట్టుకు రావడమే దాని పని. మన తెలుగు, ఒడియా ఫాంట్లు అలా వెంట వచ్చినవే!

మర్నాడు పాతపట్నం నుంచి ఒక పెద్దాయన శుభలేఖ చూసుకోవడానికి వచ్చాడు. అబ్బాయి వైపు తెలుగు, అమ్మాయి వైపు ఒడియా. ఫైలు తెరిస్తే పైన వినాయకుడి బొమ్మ, కింద అంతా ఖాళీ గళ్లు. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, ‘బాబూ, మా వియ్యంకుడి పేరేది?’ అన్నాడు. టీ తెప్పించి కూర్చోబెట్టాను.

వార్ లాగ్ ఆప్ట్ (/var/log/apt) ఫోల్డరులో హిస్టరీ ఫైలు ఉంటుంది. ఏ రోజు ఏవి పోయాయో పేర్లతో సహా దొరికాయి. ఈసారి ఫాంట్స్-టెలు, ఫాంట్స్-ఓర్య అని విడివిడిగా పేరుపెట్టి పిలిచాను. టీ చల్లారేలోపు వియ్యంకుడు తిరిగొచ్చాడు.

ఇక నీ సంగతి. ముందు ఆప్ట్ క్లీన్ కొట్టు. ప్యాకేజీలు వేయడానికి దించుకున్న డెబ్ ఫైళ్లు పోతాయి, వేసేసిన ప్యాకేజీలకు ఏమీ కాదు. నేను పాత అలవాటుగా ఆప్ట్-గెట్ అనే పాత ఆదేశం వాడతాను, అది వాటిని దాచిపెడుతుంది. నా దగ్గర 4 జీబీ దాకా పేరుకుపోయాయి. ఆటోరిమూవ్‌కు మైనస్ ఎస్ తగిలిస్తే ఏదీ తీయకుండా ఏం తీస్తుందో మాత్రం చూపిస్తుంది. అందులో పాత కెర్నళ్లు (సిస్టమ్‌కు గుండెకాయ లాంటివి) కనిపిస్తే బెంగపడకు, ఇప్పుడు నడుస్తున్నదాన్ని అది ముట్టుకోదు. ఉంచుకోవాలనుకున్న పేరు కనిపిస్తే మాత్రం ఆప్ట్-మార్క్ మాన్యువల్ అని రాసి, పక్కన ఆ పేరు పెట్టు, పేరుపెట్టి పిలిచినట్టే లెక్క. డీపీకేజీ (ఆప్ట్ కింద పనిచేసే ప్రోగ్రాము) జాబితాలో పేరు పక్కన ఆర్‌సీ అని ఉన్నవి తీసేసిన ప్యాకేజీల సెట్టింగు ఫైళ్లు. వాటితో కలిసొచ్చే చోటు తక్కువ, నేనైతే పట్టించుకోను.

పెద్దాయన శుభలేఖ ఒకటి నాకూ ఇచ్చి, తప్పకుండా రమ్మన్నాడు. నువ్వూ వస్తే కలిసి వెళదాం, పాతపట్నం ఎంత దూరమని.

నీ బావ